డెబియన్ ప్యాకేజీగా వర్డ్‌ప్రెస్, చాలాకాలం వాడాక

జిప్ దించుకుని, విప్పి, సర్వర్‌లోకి ఎక్కించే పద్ధతి మానేసి డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) 12 వచ్చినప్పటి నుంచి, వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌ని దాని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తోనే వేస్తున్నా. ఇన్‌స్టాల్ ఒక్క కమాండ్, దాని గురించి చెప్పడానికేం లేదు. తికమకంతా ఆ తర్వాతే.

ఈ ప్యాకేజీ ఫైళ్లన్నీ ఒకేచోట పెట్టదు. కోర్ కోడ్ (వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్లు) యూఎస్ఆర్ షేర్ (/usr/share) కింద, సెట్టింగులు ఈటీసీ (/etc) కింద, మన ఫొటోలూ ప్లగిన్లూ (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) ఉండే డబ్ల్యూపీ-కంటెంట్ ఏమో వార్ లిబ్ (/var/lib) కింద. వెబ్ సర్వర్ అపాచీలో ఆ ఫోల్డర్‌కి దారి చూపే అలియాస్ లైను రాయకపోతే అడ్మిన్ పేజీ బాగానే తెరుచుకుంటుంది కానీ ఎక్కించిన ఫొటోలన్నీ 404 (దొరకలేదు) కొడతాయి, కారణం తట్టేదాకా జుట్టు పీక్కోవాల్సిందే. ఇంకోటి, బ్రౌజర్ ఏ సైటు పేరుతో అడిగితే ఆ పేరున్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు కోసం వెతుకుతుంది కాబట్టి డొమైన్‌ని ఈ సర్వర్‌కి తిప్పకముందు ఐపీ అడ్రస్ కొట్టి చూద్దామంటే, డిఫాల్ట్ ఫైలు కూడా లేకపోతే, ఫైలు లేదని ఎర్రర్ మొహాన పడేస్తుంది. విసుగే, కానీ దీని పుణ్యమా అని ఒకే కోడ్ మీద నాలుగైదు సైట్లు, దేని డేటాబేస్ దానికి, దేని కంటెంట్ ఫోల్డర్ దానికి, గొడవ లేకుండా నడుస్తాయి.

నాకు బాగా నచ్చింది సెక్యూరిటీ. ప్యాచ్‌లు మిగతా సిస్టమ్ అప్‌డేట్లతో పాటే వచ్చేస్తాయి. కోర్ ఫైళ్లు రూట్ (సిస్టమ్ అడ్మిన్) పేరు మీద ఉంటాయి కాబట్టి ఏదో ప్లగిన్‌లో కన్నం దొరికినా దాని గుండా వచ్చినవాడు వెబ్ సర్వర్ హక్కులతో కోర్‌లో చెత్త రాయలేడు.

నచ్చనిది వెర్షన్. డెబియన్ 12లో అది 6.1 దగ్గరే ఆగిపోయింది, ప్యాచ్‌లే తప్ప కొత్త ఫీచర్లు రావు. ఏ ప్లగిన్ అయినా కనీసం 6.4 కావాలంటే ఇక అంతే సంగతులు. తీరా డెబియన్ 13కి మారితే ఒక్కసారిగా 6.8కి దూకుతుంది, దాంతోపాటు వర్డ్‌ప్రెస్ నడిచే భాష పీహెచ్‌పీ కూడా 8.2 నుంచి 8.4కి. టెస్ట్ సర్వర్‌లో చూసుకోకుండా చేస్తే టెన్షన్ ఖాయం, పాత ప్లగిన్ల హెచ్చరికలతో లాగ్ నిండిపోతుంది. మనం డాష్‌బోర్డ్ నుంచి వేసుకున్న ప్లగిన్లని ఆప్ట్ పట్టించుకోదు, వాటి అప్‌డేట్లు మనమే చూసుకోవాలి. అక్కడ ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే పద్ధతి) లాగిన్ వివరాలు అడిగిందంటే డబ్ల్యూపీ-కంటెంట్‌లో రాసే హక్కు వెబ్ సర్వర్‌కి లేదేమో ముందు చూడండి.

వారానికో కొత్త ప్లగిన్ కావాల్సిన ఆన్‌లైన్ షాపుకి నేనైతే ఇది వద్దంటా. నాలుగు పేజీలు, అప్పుడప్పుడు ఒక పోస్టు ఉండే సైటుకి మాత్రం నాకిదే హాయి. బ్యాకప్ స్క్రిప్టులో ఈటీసీ ఫోల్డర్, వార్ లిబ్ ఫోల్డర్, డేటాబేస్ మూడూ ఉండేలా చూసుకోండి, కోర్ కోడ్ దాచుకోనక్కర్లేదు, ఆప్ట్ మళ్లీ దించుకుంటుంది.