నాలుగు వేసవుల తర్వాత మా ఆర్‌-32 ఏసీ

హనుమకొండలో మా మేడ మీది గదికి పడమటి ఎండ నేరుగా తగులుతుంది. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి ఆనదు. అక్కడ పదేళ్లు నడిచిన పాత ఏసీలో ఉన్న, చల్లబరిచే గ్యాస్ పేరు ఆర్‌-22. చివరి మూడేళ్లూ మార్చి రాగానే మెకానిక్ "గ్యాస్ అయిపోయింది సార్" అనడం, నేను డబ్బులు లెక్కపెట్టడం ఆనవాయితీ అయింది. మొదటిసారి 2,200 రూపాయలు, చివరిసారి 4,000. స్కూటరులో పెట్రోలులా అది ఖర్చయ్యేది కాదని, కారితేనే తగ్గుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఓజోన్ పొరను తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆర్‌-22ను మన దేశం 2030 నాటికి వదిలించుకోవాలి. పాత ఏసీలోనే కొత్త గ్యాస్ ఆర్‌-32 నింపమని అడిగితే మెకానిక్ కుదరదన్నాడు. ఆ మాట నిజమే. ఆర్‌-32 పీడనం ఎక్కువ, కంప్రెసర్ నూనె వేరు, పైగా కొద్దిగా మండే గుణం ఉంది. దాంతో 2022లో ఒకటిన్నర టన్నుల ఆర్‌-32 ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది, కొన్నాం.

చల్లదనానికి వంక పెట్టను. మే నెలలో మునుపటికన్నా కరెంటు 90 యూనిట్ల దాకా తగ్గింది. గ్యాస్ మహిమ అని దుకాణంలో ఊదరగొట్టారు గానీ అందులో ఎక్కువ వాటా ఇన్వర్టర్‌దే.

మూడో వేసవిలో గాలి వస్తోంది, చలువ లేదు. మొదట వచ్చినతను పరికరాల సంచీ తెరవకుండానే గ్యాస్ పట్టేస్తానన్నాడు. పంపించేశాను. రెండో అతను బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం నట్టుకు సబ్బు నురగ రాశాడు. ఆవగింజంత బుడగ పుట్టింది, పగిలింది, మళ్లీ అక్కడే పుట్టింది. గొట్టం అంచు కోసి కొత్తగా విప్పార్చి బిగించాడు. గొట్టాల్లోని గాలిని లాగేసే వాక్యూమ్ పంపును అరగంట నడిపి, యూనిట్ మీది స్టిక్కరులో ఉన్నన్ని గ్రాములు కాటా మీద తూచి మరీ పట్టాడు. 3,500 రూపాయలైంది. నిరుడూ ఈ ఏడూ ఒక్క గ్రాము పట్టించలేదు.

ఆర్‌-32కీ గడువు లేకపోలేదు. ఓజోన్‌కు హాని చేయకపోయినా భూమిని బొగ్గుపులుసు వాయువుకన్నా 675 రెట్లు వేడెక్కిస్తుంది. మాంట్రియల్ ఒప్పందానికే తర్వాత చేసిన కిగాలీ సవరణ ప్రకారం ఇలాంటి వాయువుల వాడకానికి మన దేశంలో 2028లో పరిమితి పడుతుంది, 2032 నుంచి కోత మొదలవుతుంది. ఈలోగా మా ఏసీ ఆయుష్షే తీరుతుంది కాబట్టి నాకు బెంగ లేదు.

కరీంనగర్‌లో మా బావమరిది తన ఆర్‌-22 ఏసీని ఇప్పుడే అమ్మేయాలా అని అడిగాడు. చల్లగా ఉన్నంతకాలం దాని జోలికి వెళ్లవద్దని, కాయిల్, అంటే గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, చిల్లిపడిన రోజున మాత్రం మరమ్మతుకు పైసా పెట్టవద్దని చెప్పాను. నాకన్నా రెండేళ్లు ముందు కొన్నాడు. ఇంతవరకు ఒక్కసారీ గ్యాస్ పట్టించలేదట.