బ్యాంకు వేలంలో ఫ్లాటు పాడుకునేవాళ్లకు హెచ్చరిక: పాట గెలిచిన రోజున ఇల్లు మనది కాదు

పోయిన ఏడాది ఆగస్టులో మియాపూర్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు బ్యాంకు ఈ-వేలంలో నా మీద ఖరారైంది. రిజర్వు ధర, అంటే బ్యాంకు పెట్టిన కనీస ధర 48 లక్షలు, నా పాట 52 లక్షలు. కంప్యూటర్ తెర మీద నా పాటే హెచ్చు అని కనపడగానే ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాను. ఆ వారంలోనే అద్దె ఇంటి ఓనర్‌కి ఖాళీ చేస్తామని చెప్పేశాను. ఇంటీరియర్ అతనికి లక్షన్నర అడ్వాన్సు ఇచ్చాను. ఈ రెండు తప్పులూ మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

వేలం అంటే నా మనసులో ఉన్నది వినాయకుడి లడ్డూ వేలం. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనగానే లడ్డూ పాడినవాడిది. వస్తువుల విషయంలో చట్టం కూడా దాదాపు అంతే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ ప్రకారం, సుత్తి దెబ్బతోనో, వాడుకలో ఉన్న మరో పద్ధతిలోనో పాట ముగిసిందని ప్రకటిస్తే అమ్మకం పూర్తయినట్టే. ఇల్లు, స్థలం అలా కాదు. అప్పు తీర్చకపోతే తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు అమ్ముకోనిచ్చేది సర్ఫేసీ చట్టం. దాని కింద బ్యాంకు అమ్మే ఆస్తికి 2002 నాటి నిబంధనలు ఉన్నాయి, అందులో 9వ నిబంధన కొనేవాళ్లు తప్పక చదవాలి. పాటకు ముందే కట్టిన ధరావతుతో కలిపి పాటలో 25 శాతం అదే రోజు, లేదా మర్నాటి పని దినానికల్లా కట్టాలి. బ్యాంకు అధీకృత అధికారి పాటను ఖాయం చేస్తూ లెటర్ ఇస్తారు. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో మిగతా 75 శాతం కట్టాలి. గడువు పెంచాలంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అదీ మూడు నెలలు దాటకూడదు. కట్టలేకపోతే అప్పటిదాకా కట్టింది పోతుంది, ఆస్తిని మళ్లీ వేలం వేస్తారు. మొత్తం కట్టాక సేల్ సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికొచ్చేదాకా నన్ను ఓనర్ అనుకోవడం నా తొందరపాటు.

నేను 39 లక్షలూ పద్నాలుగో రోజున కట్టేశాను, అందులో 30 లక్షలు హోమ్ లోన్. సర్టిఫికెట్ ఇవాళో రేపో అనుకుంటుండగా ఫ్లాటు పాత యజమాని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి వెళ్లాడు. తనకు నోటీసు సరిగ్గా అందలేదన్నది అతని వాదన. ట్రిబ్యునల్ యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చింది, అంటే కేసు తేలేదాకా ఎక్కడిది అక్కడే ఆగాలి. ఐదు నెలలు అంతే. నెలకు 27 వేల ఈఎంఐ ఒకవైపు, 16 వేల అద్దె ఇంకోవైపు. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు.

ఒక మాట చెప్పాలి. వేలం ప్రకటన వెలువడ్డాక అప్పు తీసుకున్నవాడు డబ్బు కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు సర్ఫేసీ చట్టానికి చేసిన 2016 సవరణతో పోయిందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. దాంతో ఇక ఎవరూ అడ్డం రారని నేను ధీమాగా ఉన్నాను. కానీ విడిపించుకునే హక్కు వేరు, వేలం పద్ధతి ప్రకారం జరగలేదని సవాలు చేసే హక్కు వేరు. ఆ రెండోది అలాగే ఉంది.

కేసు కొట్టేశాక ఫిబ్రవరిలో సేల్ సర్టిఫికెట్ వచ్చింది. కాగితాలు తీసుకుని ఫ్లాటుకి వెళ్లాను. తలుపు పక్కన పాత యజమాని నేమ్‌ప్లేటు అలాగే ఉంది, దాని కింద చిన్నపిల్లల సైకిలు. ఒక పెద్దావిడ తలుపు తీసి, "మేం ఇంకా ఇక్కడే ఉంటున్నాం బాబూ" అన్నారు. ఆవిడ మీద కోపం రాలేదు. నాకు కోపం వచ్చింది నా మీద, ఇంటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో నోరు విప్పి చెప్పని బ్యాంకు మీద. ప్రకటనలో చిన్న అక్షరాల్లో 'సింబాలిక్ స్వాధీనం' అని ఉంది. అంటే కాగితం మీద స్వాధీనం చేసుకున్నారు, మనుషులు ఇంట్లోనే ఉన్నారు. వాళ్లను ఖాళీ చేయించాలంటే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. బ్యాంకు అప్పుడు ఆ దరఖాస్తు పెట్టింది. తాళాలు నా చేతికి వచ్చేసరికి జూన్ అయింది. ప్రకటనలో 'భౌతిక స్వాధీనం' అని లేకపోతే మీ పాటలోంచి కనీసం ఏడాది అద్దె, వడ్డీ తీసేసి లెక్క వేసుకోండి. లేదా ఆ ఫ్లాటు జోలికే వెళ్లకండి.

కోర్టు డిక్రీ, అంటే బాకీ కట్టమని ఇచ్చిన తీర్పు, అమలులో జరిగే వేలానికి లెక్క వేరు. అక్కడ పాట జరిగాక 60 రోజుల దాకా బాకీదారు తన బాకీ డబ్బుతో పాటు మీ పాట మొత్తం మీద 5 శాతం మీకు పరిహారంగా కోర్టులో జమ చేసి వేలాన్ని రద్దు చేయించవచ్చు. అభ్యంతరాలు లేకుండా కోర్టు ఖాయం చేస్తే హక్కు వెనక్కి వెళ్లి పాట జరిగిన రోజు నుంచే మీదైనట్టు లెక్క. సివిల్ ప్రొసీజర్ కోడ్ 65వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ ఆ 60 రోజుల్లో గోడకు మేకు కూడా కొట్టకండి.

తాళాలు తీసిన రోజు మీటర్‌లో కరెంటు లేదు. పాత బకాయి 41 వేలు కడితేనే కనెక్షన్ ఇస్తామన్నారు. నాకు సంబంధం లేదని వాదించాను. పాత బకాయిలు వేలంలో కొన్నవాడి దగ్గర వసూలు చేసేలా కరెంటు సంస్థలు నిబంధన పెట్టుకోవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పిందని మా లాయర్ గారు తీర్పు చూపించారు. పైగా ప్రకటనలో 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే' అని రాసే ఉంది. కట్టాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి మెయింటెనెన్స్ బకాయి ఇంకో 58 వేలు. వేలానికి ముందు ఒక్కసారి వెళ్లి వాచ్‌మన్‌నో, అసోసియేషన్ సెక్రటరీ గారినో అడిగితే ఇంట్లో ఎవరున్నారో, ఎంత బాకీ ఉందో పది నిమిషాల్లో తెలిసిపోయేది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మాత్రం తీయించుకున్నాను, మనుషుల్ని అడగలేదు.

ఎవరైనా ఇప్పుడు పాటకు సిద్ధమవుతుంటే ప్రకటన ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, పేర్లు, నంబర్లు కనపడకుండా. స్వాధీనం గురించి ఏం రాశారో నేను చదివి చెబుతాను.