భీమవరంలో ఇండ్ ఏఎస్ క్లాసు: చెరువు లీజులకు బాగుంది, రొయ్యల విలువకు చాలదు

రొయ్యల కంపెనీల్లో అకౌంట్స్ చూసేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. భీమవరంలో ఒక సీఏ గారు తమ ఆఫీసు పై అంతస్తులో శని, ఆదివారాల్లో ఇండ్ ఏఎస్ (కంపెనీలు లెక్కలు ఎలా రాయాలో చెప్పే భారతీయ అకౌంటింగ్ స్టాండర్డ్స్) మీద క్లాసు చెబుతున్నారు. మనిషికి 6,000 రూపాయలు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీకి నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే సొంత విలువ) 250 కోట్లు ఉంటే ఇండ్ ఏఎస్ తప్పనిసరి. మా కంపెనీ ఆ దరిదాపుల్లో లేదు. కానీ మాలో మెజారిటీ వాటా కొన్న కంపెనీకి అది వర్తిస్తుంది, దాని చేతి కింది కంపెనీ (సబ్సిడరీ) కాబట్టి మాకూ వర్తించింది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి మా అకౌంట్స్ రూములో అందరికీ టెన్షనే.

క్లాసులో సగానికి పైగా టైము లీజుల లెక్క చెప్పే ఇండ్ ఏఎస్ 116కే ఇచ్చారు. మంచి పని చేశారు. మాకు సొంత చెరువులు తక్కువ, లీజు చెరువులే ఎక్కువ. ఇన్నాళ్లూ లీజు డబ్బు కట్టేవాళ్లం, ఖర్చు కింద రాసేవాళ్లం, అంతే. 2019 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ స్టాండర్డ్ ప్రకారం చెరువును వాడుకునే హక్కు బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా, ఇంకా కట్టాల్సిన లీజు అప్పుగా ఎక్కుతాయి.

చేతికిచ్చిన నోట్సులో లీజు ఏడాది చివర కడుతున్నట్టు లెక్క వేసి ఉంది. మన దగ్గర ఏ రైతు ఒప్పుకుంటాడు? డబ్బు ముందే చేతిలో పడాలి. ఆ మాట అనగానే సీఏ గారు బోర్డు తుడిచి, ముందే కట్టేటట్టు మళ్లీ వేశారు. ఏడాదికి 10 లక్షలు, 5 ఏళ్లు, వడ్డీ 10 శాతం. కట్టబోయే లీజులన్నిటినీ ఆ వడ్డీతో ఈరోజు విలువకి తెస్తే ఆస్తి 41.70 లక్షలు. మొదటి లీజు కట్టగానే మిగిలే అప్పు 31.70 లక్షలు. మొదటి ఏడాది తరుగుదల 8.34, వడ్డీ 3.17, కలిపి 11.51 లక్షల ఖర్చు. ఐదో ఏడాదికి వడ్డీ ఉండదు, 8.34 లక్షలే. మొత్తం కూడితే అదే 50 లక్షలు. రైతుకి ఇచ్చే డబ్బులో రూపాయి తేడా లేదు, కానీ మొదటి ఏడాది లాభం తగ్గినట్టు కనిపిస్తుంది. లీజు కాస్తా తరుగుదల, వడ్డీలుగా మారిపోవడం వల్ల ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) మాత్రం పెరుగుతుంది. అప్పు పెరిగింది కాబట్టి బ్యాంకు పెట్టిన డెట్-ఈక్విటీ (సొంత పెట్టుబడికి అప్పు ఎంత ఉండచ్చన్న) షరతు దగ్గర ఇబ్బంది రావచ్చు. అందుకే మార్చికి ముందే బ్యాంకు మేనేజర్ దగ్గర కూర్చుని ఈ లెక్క చూపించమన్నారు. ఆ ఒక్క సలహాకే నేను కట్టిన ఫీజు చెల్లిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చింది 11 నెలల కాగితాల మీద జరిగిన చర్చ. చాలామంది లీజు కాగితం 11 నెలలకే రాసుకుంటారు. 12 నెలలు మించని లీజును ఆస్తి, అప్పుగా చూపించకుండా ఖర్చు కింద రాసుకోవచ్చని స్టాండర్డే చెబుతోంది. ఆకివీడు నుంచి వచ్చిన ఒకాయన అడిగారు: “కాగితం మీద 11 నెలలే కదండీ, వదిలేయచ్చు కదా?” సీఏ గారు వెంటనే, “వచ్చే ఏడాది ఆ చెరువు వదిలేస్తే మీకెంత నష్టమండీ? ముందు అది చెప్పండి” అన్నారు. గట్లు మీరే పోయించారా, కరెంటు లైను మీరే లాగించారా, ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది? అంత పెట్టుబడి పెట్టినవాడు ఏడాదికే వదిలి వెళ్లడు. కాగితంతో పాటు ఈ ఆర్థిక నష్టాన్నీ చూసి, రైతు, కంపెనీ ఇద్దరూ పెద్ద నష్టం లేకుండా బయటపడగలరా లేదా అన్నది తేల్చాకే లీజు కాలం నిర్ణయించాలి. నిజాయితీగా లెక్క రాసేవాడికి ఇక్కడే పని ఉంది. ఆడిటర్ అడిగే దాకా ఆగకుండా ఒక్కో చెరువుకి కారణం రాసి ఫైల్లో పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అమ్మకాన్ని ఎప్పుడు లెక్కలో రాయాలో చెప్పే ఇండ్ ఏఎస్ 115 ఎగుమతులకి ముఖ్యమే, దాన్నీ సరిగానే చెప్పారు. మార్చి 31న కంటైనర్ మన గేటు దాటినంత మాత్రాన అమ్మకం కాదు, ఒప్పందం ప్రకారం సరుకు మీద అధికారం కొన్నవాడికి ఎప్పుడు వెళ్లిందో చూడాలి.

నిరాశపరిచింది జీవ ఆస్తుల లెక్క చెప్పే ఇండ్ ఏఎస్ 41. చెరువులో ఉన్న రొయ్య జీవ ఆస్తి. మార్చి 31 నాటికి దానికి మార్కెట్లో వచ్చే విలువ లెక్కగట్టి, అమ్మకపు ఖర్చులు తీసేసి చూపించాలి, తేడా లాభనష్టాల్లోకి వెళ్తుంది. పట్టుబడి అయ్యాక అది సరుకు నిల్వ కిందికి మారుతుంది. ఇంతవరకు చెప్పి, గొర్రెల మంద ఉదాహరణ వేసి వదిలేశారు. గొర్రెల్ని లెక్కపెట్టచ్చు. నీళ్లలో ఉన్న వనామీ రొయ్యని ఎలా లెక్కపెట్టాలి? వల విసిరి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూస్తాం, సర్వైవల్ (ఎన్ని బతికున్నాయో) ఎంతో అంచనా వేస్తాం, మేత వాడకంతో సరిపోల్చుకుంటాం. ఒక్క వైట్ స్పాట్ తెగులు వస్తే ఆ అంచనా మొత్తం పోతుంది. సీడ్ (రొయ్య పిల్లలు) వేసి కొద్ది రోజులే అయితే పెట్టిన ఖర్చునే విలువకి దగ్గరగా తీసుకోవచ్చని స్టాండర్డ్‌లో ఉంది, ఆ సంగతి క్లాసులో రానే లేదు. 60 కౌంట్ దాకా పెరిగిన చెరువుకి ఏ రోజు ధర, ఏ ఊరి ధర తీసుకోవాలి, శాంప్లింగ్ రికార్డు ఎలా ఉంటే ఆడిటర్ ఒప్పుకుంటారు అన్నవి మాలాంటి వాళ్లకి రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. వీటికి కనీసం ఒక పూట కావాలి.

లీజుల కోసమైతే కళ్లు మూసుకుని వెళ్లండి. మీ లీజు కాగితాల జిరాక్సులు, బ్యాంకు లోన్ ఒప్పందం పట్టుకెళ్లండి, విడిగా అడిగితే ఆయన ఓపిగ్గా చూసి చెబుతున్నారు. రొయ్యల విలువ కోసమే అయితే ఇప్పటికి ఆగండి. వచ్చే బ్యాచ్‌లో ఒక ఫీల్డ్ టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇండ్ ఏఎస్ 41 చెప్పమని ఆయన్నే అడిగాను, సరేనన్నారు.