తిరిగే కారు సీటు: ఒక ఆర్టీసీ తాతయ్య లెక్క

మనవరాలి కోసం కారులో బిగించడానికి కొన్న ఈ తిరిగే సీటు మంచిదే, పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. కాకపోతే దుకాణంలో దేన్ని చూపించి అమ్ముతున్నారో దానికోసం మాత్రం కొనకండి.

నేను ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన వాణ్ణి, ఉండేది విజయవాడ. అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల కారు ఈ దారిలో తరచూ తిరుగుతుంది, చాలాసార్లు స్టీరింగు నా చేతిలోనే ఉంటుంది. అందుకని మనవరాలి సీటు చూసే పని నాకే అప్పగించారు.

కొన్నది ఐసోఫిక్స్‌తో, అంటే కారులోనే ఉండే కొక్కేలకు నేరుగా బిగించే సీటు. 40 నుంచి 105 సెంటీమీటర్ల ఎత్తు పిల్లలకు పనికొస్తుంది, చుట్టూ తిరుగుతుంది. ఇరవై వేలు దాటింది. దుకాణంలో కుర్రవాడు దాన్ని గిర్రున తిప్పి చూపించి, ‘ఏడాది నిండగానే ముందుకు తిప్పేయండి సార్, పాప రోడ్డు చూస్తుంది’ అన్నాడు. ఆ మాట వినకండి. సీటుకు అంటించిన నారింజ రంగు చీటీ చదవండి. దాని మీద ఆర్-129 (పిల్లల సీట్ల భద్రతకు ఐక్యరాజ్యసమితి పెట్టిన నిబంధన) అని, ఒక వలయంలో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం, పక్కన ఆమోదం ఇచ్చిన దేశం అంకె ఉండాలి. ఆ నిబంధన ప్రకారం 15 నెలలు దాటేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఆ తర్వాత కూడా సీటు ఒప్పుకున్నంత కాలం అలాగే ఉంచడం మేలు. పాత ఆర్-44 సీట్లను బిడ్డ బరువు చూసి ఎంచుకోవాలి, వాటికి పక్కనుంచి గుద్దే పరీక్ష లేదు. ఆర్-129కు ఎత్తు లెక్క, ఆ పరీక్ష కూడా ఉంది. నేను డబ్బు పెట్టింది దానికి. తిరగడం నడుం నొప్పి ఉన్నవాళ్లకు సౌకర్యం, అంతే. బిడ్డను తలుపు వైపు తిప్పుకుని ఎక్కించవచ్చు.

వెనక్కి ఎందుకంటే, పసిబిడ్డకు తల బరువు, మెడ లేత. కారు ఎదుటి దేన్నైనా గుద్దితే ముందుకు చూసే బిడ్డకు ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల ఒక్కటే ముందుకు విసురుగా వెళుతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ తాకిడిని వీపు మొత్తం తీసుకుంటుంది. నేను బ్రేకు నొక్కినప్పుడల్లా నిలబడ్డ ప్రయాణికులందరూ నా వైపు తూలడం ఉద్యోగమంతా అద్దంలో చూశాను. నాకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మా ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. ‘నా ఒళ్లో హాయిగా పడుకునే పిల్లను ఆ కుర్చీలో కట్టేస్తారా’ అని పట్టుబట్టింది. కాగితం మీద లెక్క వేసి చూపించాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి దాదాపు 140 కిలోల బరువు ఆపేంత బలం కావాలి. ‘పట్టుకోగలవా’ అని అడిగాను. మాట్లాడలేదు. పాప కాళ్లు ముడుచుకుపోతున్నాయని మాత్రం ఇప్పటికీ అంటుంది. ముడుచుకున్నా ఫరవాలేదు, పిల్లలకు అది ఇబ్బంది కాదు.

బిగింపు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎంత మంచి సీటైనా వదులుగా బిగిస్తే దండగ. అడుగున ఉన్న రెండు ఇనుప చేతులను బయటికి లాగి, కారు వెనక సీటు సందులో ఉన్న కొక్కేలలోకి నెట్టాలి. రెండు వైపులా టక్కుమని వినిపించాలి, ఎర్ర గుర్తు పచ్చగా మారాలి. ఒకటే పచ్చగా ఉంటే పట్టనట్టే. సీటుకు ముందువైపు ఉన్న ఆసరా కాలు కారు నేలకు గట్టిగా ఆనాలి, దానికీ వేరే పచ్చ గుర్తు ఉంది. కొన్ని కార్లలో ఆ కాలు ఆనే చోట నేల కింద సామాను అర ఉంటుంది. ఆ మూత మీద ఆనిస్తే లాభం లేదు. ఇక పట్టీలు. వెనక్కి తిరిగిన బిడ్డకు అవి భుజాల ఎత్తులో గానీ, కాస్త కింద గానీ మొదలవ్వాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని గిల్లి చూడండి, మడత వేళ్లకు అందితే ఇంకా లాగాలి. చలికాలంలో మందపాటి స్వెట్టరు మీద కట్టవద్దు. ముందు కట్టి, పైన శాలువా కప్పండి.

లోపాలూ ఉన్నాయి. వెనక్కి తిప్పి పెడితే ముందు సీటు బాగా ముందుకు జరగాలి. మా అల్లుడు పొడగరి, చిన్న కారులో మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలి సణుగుతూ కూర్చుంటాడు. వెనక ఇంక ముగ్గురు పెద్దవాళ్లు కుదరరు. వాడుక పుస్తకం ఇంగ్లీషులో చీమల బారులాంటి అక్షరాలతో ఉంది, ఒక్క ముక్క తెలుగు లేదు. మే నెలలో ఎండలో ఆపిన కారులో బకిలు ఇనుము చురుక్కుమంటుంది. నేను దిగేటప్పుడు తెల్ల తువ్వాలు కప్పి వెళతాను. గుడ్డ తొడుగు ఊడదీసి ఉతకవచ్చు గానీ, మళ్లీ తొడగడానికి ఓపిక కావాలి. సూర్యాపేటలో టీ కోసం ఆగినప్పుడు పాపను కాసేపు బయటికి తీసి ఆడించండి, గంటల తరబడి అందులోనే పడుకోబెట్టకండి.

బంధువులు వాడిన సీటు ఉచితంగా ఇస్తామన్నారు. మొహమాటం లేకుండా వద్దన్నాను. అది ఏ ప్రమాదంలో ఉందో, ప్లాస్టిక్ ఎన్నేళ్లదో పైకి చూస్తే తెలియదు. అమెరికాలో మా వాళ్లకు బిడ్డ పుట్టినప్పుడు కారులో సీటు ఉందో లేదో చూసి గానీ ఆస్పత్రి నుంచి పంపలేదట. మన దగ్గర 2019 సవరణ చట్టంలో 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళితే రూ.1,000 జరిమానా అని రాసి ఉంది. నన్ను మాత్రం ఎవరూ ఆపి అడగలేదు.

కారు కొత్తగా కొనేవాళ్లు భారత్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి భద్రతకు నక్షత్రాలు ఇచ్చే మన దేశ పరీక్ష) నివేదికలో నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా పిల్లల రక్షణకు 49కి ఎన్ని పాయింట్లు వచ్చాయో చూడండి. సీటు కొనేవాళ్లు కారును దుకాణం ముందుకు తీసుకెళ్లి, బిగించి చూపించమని అడగండి. బేరం ఆ తర్వాత ఆడవచ్చు.