గార్డియన్‌షిప్ సర్టిఫికెట్: హనుమకొండ, వరంగల్ జిల్లాల వాళ్లకు సమీక్ష

బుద్ధిమాంద్యం ఉన్న కొడుకుకో బిడ్డకో పద్దెనిమిదేళ్లు నిండగానే బ్యాంకులో "గార్డియన్ పేపర్ తెండి" అంటారు. మేజరైన రోజుతోనే అమ్మానాన్నల సహజ సంరక్షక హక్కు ముగుస్తుంది. ఆ తర్వాత అవసరమయ్యే కాగితం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ ఇచ్చే లీగల్ గార్డియన్‌షిప్ సర్టిఫికెట్. కమిటీలో కలెక్టర్, ఒక నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉంటారు. కోర్టులో దావా వేయకుండా అయ్యే పని కాబట్టి సేవగా ఇది మంచిదే. కానీ చాలా ఇళ్లలో దీన్ని అవసరానికి మించి వాడుతున్నారు.

ముందుగా ఏ జిల్లానో చూసుకోవాలి. 2021 తర్వాత పరకాల హనుమకొండ జిల్లా, నర్సంపేట వరంగల్ జిల్లా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు మాత్రమే ఈ చట్టం కిందికి వస్తాయి. మానసిక జబ్బు ఒక్కటే ఉంటే ఈ కమిటీ దగ్గర దరఖాస్తు నిలబడదు. వైకల్య సర్టిఫికెట్‌లో (సదరం) వైకల్యం పేరు ఏమని రాశారో ఒకసారి చదివి, తప్పుంటే అక్కడే సరిచేయించుకోండి.

దరఖాస్తు ఫారం ఎ. కమిటీ తేల్చాల్సినవి రెండే: ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు? ఈ రెండో ప్రశ్న మీదే సమయం పెట్టండి. విడిగా ఒక కాగితం మీద "బ్యాంకు ఖాతా నిర్వహణ", "ఫలానా సర్వే నంబరు భూమి కౌలు" అని పనులు పేరుపేరునా రాసి జతచేయండి. "అన్ని విషయాలకూ" అని రాస్తే ఆ మనిషి తానే చేసుకోగల పనులు కూడా చేతుల్లోంచి జారిపోతాయి. దరఖాస్తు పెట్టే ముందు ఆ మనిషినే అడగండి, కాగితం చదివి వినిపించండి. మాట రాకపోయినా తల ఊపో, చేయి చూపో చెప్పగలరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం గార్డియన్ పరిమిత సంరక్షకుడే, నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవాలి. 13వ సెక్షన్ ప్రకారం ఆస్తి ఉంచుకునే, వారసత్వంగా పొందే, డబ్బు చూసుకునే హక్కు ఆ మనిషిదే. భూమి విషయంలో గార్డియన్‌కూ ఆ మనిషికీ ప్రయోజనాలు ఢీకొంటే ఆ లావాదేవీలో గార్డియన్ తప్పుకోవాలి. అన్నదమ్ముల పంపకాల్లో ఎక్కువగా నష్టం జరిగేది ఇక్కడే: పేరు పట్టా పాస్ పుస్తకంలో ఎక్కకుండానే వాటా మాయమవుతుంది. సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన ఓటు హక్కు పోదు, అది పోవాలంటే కోర్టు ప్రకటన కావాలి. స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్న మహిళ గర్భం విషయంలో ఆమె సమ్మతి తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది.

సర్టిఫికెట్ వచ్చాక చాలామంది మరచిపోయేది లెక్క. నియామకమైన ఆరు నెలల్లోగా ఆస్తి, అప్పుల జాబితా, ఆపైన ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా ఆస్తుల లెక్క కమిటీకి ఇవ్వాలి. జూన్ నెలాఖరు గుర్తుపెట్టుకోండి. బ్యాంకు ఒప్పుకోకపోతే, ఈ కమిటీల సర్టిఫికెట్‌ను ఆధారంగా తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2007లోనే సూచించిన సంగతి మేనేజర్‌కు చెప్పండి.

ఈ ఏర్పాటులో పెద్ద లోపం ఒకటుంది. గార్డియన్ హింసించినా, ఆస్తి తిన్నా తొలగించమని కోరే అవకాశం 1999 చట్టం 17వ సెక్షన్‌లో తల్లిదండ్రులకు, బంధువులకు, నమోదైన సంస్థలకు ఉంది. బాధపడే మనిషి పేరు అక్కడ లేదు. ఆ చట్టాన్ని సవరించి ఆ మాట చేర్చాల్సిందే. అప్పటిదాకా 2016 చట్టమే దిక్కు: సహాయ ఏర్పాటును మార్చుకునే, రద్దు చేసుకునే హక్కు ఆ మనిషికి ఉంది, హింస గురించి ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు (తహసీల్దార్, ఆర్డీవో వంటి అధికారికి) చెప్పవచ్చు. వికలాంగులకు న్యాయ సహాయం ఉచితం, నంబరు 15100.