ఎండోస్కోపీ కోసం అరిలోవ: రెండు ప్రయాణాల సంగతి

మా పాపకి ఏడేళ్లు. బరువు పెరగట్లేదని, హిమోగ్లోబిన్ ఎంతకీ పదికి రావట్లేదని శ్రీకాకుళంలో చూపిస్తే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాశారు. పాజిటివ్ వచ్చింది. సీలియాక్ (గోధుమలాంటి వాటిలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అయ్యుండొచ్చు, విశాఖలో పిల్లల గ్యాస్ట్రో డాక్టరుకి చూపించమన్నారు. ఆ సాయంత్రమే మా అత్తగారు గోధుమపిండి డబ్బా పక్కింటికి ఇచ్చేశారు.

మొదటిసారి వెళ్లినప్పుడు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం. అద్దె తక్కువ, కిందే టిఫిన్లు. కానీ వేడినీళ్లు ఇరవైనాలుగు గంటలూ అని చెప్పి పొద్దున్న ఒక్క బకెట్ ఇచ్చారు. పైగా ఆసుపత్రి అరిలోవ హెల్త్ సిటీలో. మా బస్సు హనుమంతవాక మీదుగానే వస్తుంది, అక్కడ దిగిపోతే సరిపోయేది. తెలియక కాంప్లెక్స్ దాకా వచ్చి, మళ్లీ ఆటోలో అదే దారిన వెనక్కి వెళ్లాం.

"గోధుమ ఎవరు మాన్పించమన్నారమ్మా?" అన్నారు డాక్టరుగారు. మానేస్తే పేగు లోపలి పొర కోలుకుంటుందట, అప్పుడు బయాప్సీలో, అంటే పేగు ముక్క తీసి చేసే పరీక్షలో, జబ్బు ఉన్నా కనపడకపోవచ్చట. టీటీజీ మామూలు హద్దుకి పది రెట్లు దాటి, ఇంకో శాంపిల్‌లో ఈఎంఏ అనే మరో రక్తపరీక్ష కూడా పాజిటివ్ అయితే కొందరు పిల్లలకి బయాప్సీ లేకుండానే తేలుస్తారట. మా పాపది నాలుగు రెట్లే. టోటల్ ఐజీఏ అనే రక్తపరీక్ష కూడా చూసి, రోజూ గోధుమ పెడుతూ నెల తర్వాత ఎండోస్కోపీకి రమ్మన్నారు. అన్నం తినే ఇల్లు మాది. నెలంతా చపాతీలు, బొంబాయి రవ్వ ఉప్మా వెతికి వెతికి పెట్టాం, పడదేమోనని తెలిసి కూడా!

రెండోసారి హనుమంతవాక దగ్గరే గది తీసుకున్నాం. అద్దె ఎక్కువే, కానీ ఆ పొద్దున్న దాని విలువ తెలిసింది. రాత్రి నుంచి పాప ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా రెండు గంటల ముందు వరకే. ఏడింటికి రమ్మని తొమ్మిదిన్నరకి లోపలికి తీసుకెళ్లారు. ఎదురుగా ఒకాయన ఇడ్లీ చట్నీలో ముంచుతుంటే పాప కళ్లు అక్కడే. ఆయన పొట్లం పట్టుకుని లేచి వెళ్లిపోయారు, పాపం.

నర్సు చాలా మంచిది. సూది పెట్టిన చేతికి కట్టు మీద పెన్నుతో పిల్లి బొమ్మ గీసింది. మత్తు ఇచ్చి చేశారు, ఇరవై నిమిషాలు పట్టలేదు. చిన్నపేగు మొదట్లో ఒకచోట, ఇంకాస్త లోపల నాలుగు చోట్ల ముక్కలు తీశారు. సీసాలో చూస్తే ఒక్కోటి నువ్వుగింజంత.

బిల్లు దగ్గరే చిరాకు. ఎండోస్కోపీ ప్యాకేజీ అన్నారు, ప్యాథాలజీ ఫీజు మళ్లీ వేరే కౌంటర్లో కట్టాం. ముందే అడిగి ఉండాల్సింది.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాం. కురుసుర సబ్‌మెరైన్ ఎక్కనంది, మురీ మిక్చర్ కావాలంది.

వారానికి రిపోర్టు వచ్చింది, మార్ష్ 3. అంటే పేగు పొర బాగా దెబ్బతింది, సీలియాకే. ఇక గోధుమ, బార్లీ పూర్తిగా బంద్. తమ్ముడికీ రక్తపరీక్ష చేయించమన్నారు, వచ్చే సోమవారం. అత్తగారు ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో డబ్బా చదువుతున్నారు. ఇంగువ డబ్బా వెనక గోధుమపిండి అని కనపడగానే నన్ను పిలిచారు, "ఇందులో కూడానా?" అంటూ.