ఏడేళ్లు వాడాక: మా కారు లోపలి లైటు కథ

మాది పర్లాకిమిడి. 2017లో కొన్న చిన్న కారు ఏడేళ్లు దాటి నడుపుతున్నాను. మైలేజీ సంగతి అందరూ రాసేదే. నన్ను ఎక్కువ ఏడిపించింది పైకప్పు లైటు.

దాని మీట ఒక కొసకి నెడితే వెలిగే ఉంటుంది, రెండో కొసకి నెడితే ఆరిపోతుంది, మధ్యలో ఉంచితే డోరు తీసినప్పుడే వెలుగుతుంది. బల్బుకి బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. డోరు తీస్తే, ఫ్రేములో ఉన్న గుండీలాంటి స్విచ్చి పైకి లేచి ఎర్తు (బ్యాటరీ మైనస్‌కి కలిసిన కారు బాడీ) కలుపుతుంది. మూస్తే నొక్కుకుపోయి ఎర్తు తెగుతుంది. ఇంజను తాళం తీసేసినా లైటు వెలిగేది అందుకే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. అమ్మ మందుబిళ్లలు వెతుక్కున్నా, పిల్లలు అన్నం తిన్నా ఈ లైటు కిందే. ఒక రాత్రి ఆర్పడం మరిచిపోయాను. 12 వోల్టుల మీద 10 వాట్ల బల్బంటే గంటకి ఒక ఆంపియర్ అవర్ (బ్యాటరీలో నిల్వని కొలిచే లెక్క) కన్నా కాస్త తక్కువ తాగుతుంది. పది గంటలకి ఎనిమిది పైచిలుకు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మామూలుగా అయితే తట్టుకునేదే, కానీ ఊళ్లో వాళ్ల ఫోన్లన్నీ దానికే ఛార్జి పెట్టాం. తెల్లారి తాళం తిప్పితే టకటకమంది, అంతే. నలుగురు తోస్తే గాని కదల్లేదు.

ఆ తర్వాత ఎల్ఈడీ బల్బు వేయించాను. కరెంటు తక్కువ తాగుతుంది, నిజమే. కానీ డోరు మూసినా మిణుగురులా వెలుగుతూనే ఉండేది. పాతపట్నంలో ఎలక్ట్రీషియన్ స్విచ్చి ఊడదీసి చూపించాడు: రబ్బరు తొడుగు చిరిగి, లోపల తుప్పూ బురదా. "లైటు బాగానే ఉంది బాబూ, రోగం స్విచ్చిది. పాత బల్బు ఆ కాస్త కరెంటుకి వెలగదు, ఇది వెలుగుతుంది. దొంగని పట్టిచ్చింది" అన్నాడు. ఎమరీ కాయితంతో రుద్ది కొత్త తొడుగు వేశాడు. మళ్లీ ఆ బాధ లేదు.

మా బావగారి కొత్త కారులో లైటు మెల్లగా మసకబారి ఆరుతుంది. మరిచిపోయినా కాసేపటికి కంప్యూటరే ఆర్పేస్తుంది. అసూయగానే ఉంది, కానీ అది చెడితే ఎమరీ కాయితంతో అయ్యే పని కాదు.

వెనక సీటుకి లైటు పెట్టకపోవడం మాత్రం నేను క్షమించను. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి నుంచి వస్తుంటే కొబ్బరిముక్క సీటు కిందికి జారింది. ఫోను టార్చి పట్టుకుని ఎంత వెతికినా దొరకలేదు. మూడోనాడు చీమలే చూపించాయి.